కర్ర వంపు, మనిషి ఒడుపు

1930లో అమెరికన్ గోల్ఫర్ బాబీ జోన్స్ ఒకే ఏడాది నాలుగు పెద్ద టైటిళ్లు గెలిచాడు. బ్రిటన్‌లో ఓపెన్, అమెచ్యూర్. అమెరికాలోనూ ఆ రెండే. ఆయన క్లబ్బులన్నిటికీ హికరీ చెట్టు కర్రలే. ఒక్కొక్కటీ చేత్తో ఊపి చూసి, నచ్చనిది పక్కన పడేసి, ఏళ్ల తరబడి ఏరి కూర్చుకున్నవి. చాలాకాలం తర్వాత వాటిని యంత్రం మీద పరీక్షిస్తే దాదాపు అన్నిటి వంపూ ఒక వరసలో ఉందనీ, మ్యాషీ నిబ్లిక్ ఒక్కటే వరస తప్పిందనీ తేలిందట. ఇప్పటి లెక్కలో అది ఏడో నంబరుకో ఎనిమిదో నంబరుకో దగ్గరి ఐరన్. తనకు ఎప్పుడూ మొండికేసింది ఆ క్లబ్బేనని జోన్స్ అన్నట్టు గోల్ఫ్ లోకంలో నేటికీ చెప్పుకుంటారు.

క్లబ్ కొనేవాళ్లు తల చూస్తారు, కంపెనీ పేరు చూస్తారు. తలకూ పిడికీ మధ్య ఉండే షాఫ్ట్‌ను పట్టించుకునేవాళ్లు తక్కువ. ఆటగాడి ఒంట్లోని ఊపు బంతిని చేరేది దాని మీదుగానే. కావడి బద్ద మోసేవాడి నడకకు తగ్గట్టు ఊగాలి. మరీ బిర్రుగా ఉంటే భుజం విరుగుతుంది, మరీ మెత్తనైతే కుండలు తొణుకుతాయి. షాఫ్ట్ సంగతీ అంతే.

స్కాట్లాండ్‌లో మొదట స్థానికంగా దొరికే యాష్, హేజెల్ కర్రలు వాడేవారు. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా నుంచి హికరీ వచ్చింది. 1848 నాటికి గట్టాపెర్చా బంతి వచ్చి, ఈకలు కుక్కిన తోలుబంతిని వెనక్కి నెట్టింది. ఆ గట్టి బంతి దెబ్బకు తట్టుకోవడానికి హికరీ సాగుడుతనం పనికొచ్చింది. అయితే హికరీ వంగడమే కాదు, మెలి కూడా తిరుగుతుంది. విసురుగా కొడితే క్లబ్ ముఖం తెరుచుకుపోయి బంతి కుడివైపుకు పోతుంది. అందుకే ఆ కాలపు ఆటగాళ్ల ఊపులో తొందర కనిపించదు. దాదాపు వందేళ్లు మనిషే కర్రకు లొంగి ఆడాడు.

సాగుడు కర్ర విలువ మన పల్లెల్లో పనివాళ్లకు కొత్తగా చెప్పాల్సింది కాదు. మధ్య భారతం అడవుల్లో ధామన్ అనే చెట్టు ఉంది, తెలుగులో చరచి అంటారు. దాని కర్ర వంగుతుంది గానీ ఊరికే విరగదు. విల్లుకూ, పనిముట్ల పిడులకూ వాడతారు. పిడిలో ఆ కాస్త సాగుడు లేకపోతే దెబ్బ అదురంతా మణికట్టుకే తగులుతుంది.

     మన దేశంలో గోల్ఫ్ మాత్రం మొదట్లో దొరల ఆట. కలకత్తాలో 1829లోనే క్లబ్ పెట్టుకున్నారు, విశాఖలో ఈస్ట్ పాయింట్ క్లబ్ 1884 నాటిది.

ఇక ఉక్కు. ఎడింబరా కమ్మరి థామస్ హార్స్‌బర్గ్ 1890లలోనే గట్టి ఉక్కు కడ్డీతో షాఫ్ట్ చేసి పేటెంటు తీసుకున్నాడు. అది మరీ బరువైంది. 1910లో అమెరికన్ ఇంజినీరు ఆర్థర్ నైట్ ఉక్కు గొట్టంతో చేసిన షాఫ్ట్‌కు పేటెంటు పొందాడు. అమెరికా గోల్ఫ్ సంఘం 1920ల మధ్యలో ఉక్కు షాఫ్ట్‌కు ఒప్పుకుంది, బ్రిటన్‌లో నియమాలు చూసే సెయింట్ ఆండ్రూస్ పెద్దలు 1929 దాకా ఒప్పుకోలేదు. 1931లో బిల్లీ బర్క్ ఉక్కు షాఫ్టులతో యూఎస్ ఓపెన్ గెలిచాడు. మంచి హికరీ అప్పటికే కరువైపోతోంది. జనం కళ్లు చెక్కకు అలవాటుపడ్డాయని కంపెనీలు ఉక్కు మీద చెక్క రంగు పూత వేసి మరీ అమ్మాయి.

ఉక్కుతో అన్ని క్లబ్బులూ ఒకేలా తయారవడం మొదలైంది. హికరీ రోజుల్లో ఒక్క క్లబ్‌తోనే చేతి నేర్పుతో నాలుగు రకాల దెబ్బలు కొట్టేవారు. ఇప్పుడు ఒక్కో దూరానికి ఒక్కో క్లబ్. సంచులు బరువెక్కి, 1938లో అమెరికా పెద్దలు పద్నాలుగుకు మించకూడదని గిరి గీశారు. 1970 ప్రాంతంలో ఇంజినీరు ఫ్రాంక్ థామస్ గ్రాఫైట్ షాఫ్ట్ తెచ్చాడు. అది తేలిక, కానీ తొలినాళ్లలో హికరీలాగే మెలి తిరిగేది. క్రమంగా ఆ లోపం సరిచేశారు. ఇప్పుడు దూరం కొట్టే డ్రైవర్ క్లబ్బుల్లో దాదాపు అన్నిటికీ గ్రాఫైటే.

ఇప్పుడు షాఫ్ట్ మీద మెత్తనిదాని నుంచి బిర్రుదాని దాకా ఎల్, ఏ, ఆర్, ఎస్, ఎక్స్ అని అక్షరాలుంటాయి. డ్రైవర్‌తో గంటకు 85 నుంచి 95 మైళ్ల వేగం వచ్చేవారికి ఆర్, 95 దాటితే ఎస్, 105 దాటితే ఎక్స్ అని వాడుక లెక్క. ఇక్కడే మోసపోతాం. ఆ అక్షరాలకు అందరూ పాటించే ప్రమాణం లేదు. ఒక కంపెనీ ఆర్ ఇంకో కంపెనీ ఎస్ అంత బిర్రుగా ఉండొచ్చు. పైగా వేగం ఒక్కటే కాదు, పైనుంచి కిందికి దిగేటప్పుడు ఎంత విసురుగా మలుపు తిప్పుతారన్నదీ లెక్కే. నిదానంగా తిప్పేవాడికీ గుంజేవాడికీ వేగం సమానమైనా షాఫ్ట్ సమానం కాదు. గట్టిదైతే మగతనం అనుకుని ఎస్ కొనడం నాకు అన్నిటికన్నా బాధ కలిగించే అలవాటు. బంతి తగినంత లేవక, కుడివైపు జారుతుంటే పాపం తన ఊపునే తప్పు పట్టుకుంటాడు.

తీగల సాహిత్‌ను చూడండి. కాలిఫోర్నియాలో పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు, తల్లిదండ్రులది హైదరాబాద్. వెన్నెముక పక్కకు వంగే స్కోలియోసిస్ ఉంది. కిందికి దిగేటప్పుడు ఒళ్లు కుడివైపుకు బాగా వంగుతుంది, పాఠ్యపుస్తకాల్లోని బొమ్మలకు అది సరిపోలదు. ఆ ఊపుతోనే 2023 సెప్టెంబరులో నాపాలో ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచి, పీజీఏ టూర్‌లో తొలి టైటిల్ అందుకున్నాడు. మరుసటి ఏడాది ప్రెసిడెంట్స్ కప్ జట్టులో ఆడాడు. అలాంటి ఒంటికి అందరి కొలత అంటగడితే ఏమయ్యేది?

పిల్లలకు ఆట నేర్పించేవారికి ఒక్క మాట. పెద్దల క్లబ్బును కోసి పొట్టి చేసి ఇవ్వడం మన దగ్గర మామూలే. కోసిన షాఫ్ట్ ఇంకా బిర్రెక్కుతుంది, బరువూ పెద్దగా తగ్గదు. పదేళ్ల పిల్లకు ఎనిమిదో నంబరు ఐరన్ కొనేముందు దాన్ని ఆ పిల్ల చేతికే ఇచ్చి ఓ ఇరవై బంతులు కొట్టించండి. బంతి ఎంత ఎత్తు లేస్తోంది, ఎటు పోతోంది అన్నది చూసి షాఫ్ట్ ఎంచండి.