అక్షరము నేర్చిన స్త్రీలు, ఆగిన సారా

1938 అక్టోబరు 1వ తేదీన చిత్తూరు, కడప జిల్లాలలో మద్యనిషేధము అమలునకు వచ్చెను. అంతకు సరిగా ఒక సంవత్సరము పూర్వము సేలములో దానిని ఆరంభించిన నాటి మద్రాసు రాష్ట్రపు రాజాజీ మంత్రివర్గము, ఆబ్కారీ రాబడి పోవుటచే బొక్కసమునకు కలిగిన లోటును 1939లో అమ్మకపు పన్ను విధించి కొంత పూరించుకొనెను. కాని తాటిచెట్టును, ఈతచెట్టును నమ్ముకొని బ్రతుకుచుండిన ఈడిగ కుటుంబముల లోటు అంత తేలికగా తీరునది కాదు. ఉన్నతాశయముతో పుట్టిన ఆ చట్టము పాలకుల సంకల్పము. కనుకనే పాలకుల అవసరమును బట్టి యుద్ధకాలమున నిలిచిపోయి, పిమ్మట మరల వచ్చి, 1960ల చివరి నాటికి ఆంధ్రప్రదేశమున సడలిపోయెను.

పొరుగు జిల్లాయైన నెల్లూరులో కలిగిరి ప్రాంతపు దూబగుంట గ్రామమున, 1991 ప్రాంతమున జరిగినది వేరు. పగలెల్ల కూలిపని చేసి, రాత్రి అక్షరాస్యతా తరగతికి పలక పట్టుకొని వచ్చిన స్త్రీలు, మగవారి కూలిడబ్బు ఇల్లు చేరకమునుపే సారా అంగడిలో ఎట్లు కరగిపోవుచున్నదో ఒకరితో నొకరు చెప్పుకొనుచు, ఆ దుఃఖము తమలో ఏ ఒక్కతెదియు కాదని గ్రహించిరి. అప్పటికి సర్కారు వారి వారుణివాహిని పథకముచే సారా పొట్లములై ఊరూరికి చేరుచుండెను. వర్ధినేని రోశమ్మ మున్నగు స్త్రీలు కూడి తమ ఊరి అంగడిని మూయించిరి. వారి కథ ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అను పేర నవాక్షరాస్యుల వాచకమున పాఠమై, ఊరూర చదువబడెను. రోశమ్మ గ్రంథకర్త్రి కాదు. కాని తాము చేసిన పని పాఠమై, తమవంటి స్త్రీలే కూడబలుక్కొని చదువుకొనగా, మరియొక ఊరి అంగడి మూతపడుట ఎందరు రచయిత్రులకు దక్కిన భాగ్యము!

1992లో నెల్లూరు సారా వేలములు స్త్రీల ప్రతిఘటనచే మాటిమాటికి వాయిదా పడెను. ఉద్యమము చిత్తూరు మొదలగు జిల్లాలకు ప్రాకెను. నాటి నెల్లూరు జిల్లాలోని నాయుడుపేట, సూళ్ళూరుపేటలు 2022 నుండి తిరుపతి జిల్లాలో చేరియుండుటచే, నేడు ఆ చరిత్రలో ఒక పాలు తిరుపతిది కూడ. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో రాబడి పేర ఆ సంపూర్ణ నిషేధము సడలింపబడినను, సారాపై నిషేధమును మాత్రము ఎత్తివేయలేదు.