బెజవాడ నుంచి నంబూరు దాకా: డెల్టాకు ఎమ్మెస్సీ వచ్చిన కథ

ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది బెజవాడలో. తెలుగువాళ్లకంటూ ఒక యూనివర్సిటీ ఉండాలని మద్రాసు శాసనమండలి చేసిన చట్టం 1926లో అమల్లోకి వచ్చినప్పుడు దాని కార్యాలయం కృష్ణ ఒడ్డునే తెరిచారు. తొలి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి గారు ఇక్కడి నుంచే పని మొదలుపెట్టారు. 1930లో అది విశాఖపట్నంలోని వాల్తేరుకు తరలిపోయింది. నేను మంగళగిరిలో పుట్టి పెరిగి, కెమిస్ట్రీ లెక్చరర్‌గా పనిచేసి రిటైరైనదాన్ని. యూనివర్సిటీ బెజవాడలో పుట్టిందని క్లాసులో చెబితే మా పిల్లల్లో చాలామంది నమ్మేవాళ్లు కాదు. నమ్మాలి, గుర్తుపెట్టుకోవాలి కూడా. ఆ తరలిపోవడం వల్ల మన కృష్ణా డెల్టాలో ఎవరు ఎమ్మెస్సీ చదివారు, ఎవరు చదవలేకపోయారు అన్నది చాలా ఏళ్లపాటు తేలిపోయింది.

వాల్తేరులో సైన్స్ గొప్పగా సాగింది. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ గారు ఏటా లక్ష రూపాయల విరాళం ఇచ్చి నిలబెట్టిన సైన్స్ కాలేజీకి ఆయన పేరే పెట్టారు. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం గారు కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పరిశోధన చేసి, 1932లో వాల్తేరులో ఫిజిక్స్ చెప్పడానికి చేరారు. కొద్దికాలానికే టి.ఆర్. శేషాద్రి గారు కెమిస్ట్రీకి వచ్చారు. మొక్కల్లోని రంగు పదార్థాల మీద ఆయన చేసిన పనికి ప్రపంచమంతా గుర్తింపు దొరికింది. అంతటి వాళ్ల దగ్గర చదువుకోవడం అదృష్టమే. కాకపోతే ఆ అదృష్టం బెజవాడకు మూడు వందల యాభై కిలోమీటర్ల అవతల ఉంది. బి.ఎస్సీ. వరకు గుంటూరు, బందరు కాలేజీలు ఉన్నాయి. ఆ పైన చదవాలంటే పెట్టె సర్దుకుని రాత్రి రైలు ఎక్కాల్సిందే.

మధ్యలో ఒకసారి ఆ చదువు మళ్లీ మన వైపు వచ్చింది. 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాక యూనివర్సిటీని గుంటూరుకు తరలించారు. యుద్ధం సద్దుమణిగాక తిరిగి వాల్తేరు వెళ్లిపోయింది.

మా పిన్ని కథ చెబితే దూరం అంటే ఏమిటో తెలుస్తుంది. ఆమె 1963లో గుంటూరులో బి.ఎస్సీ. పాసైంది. మార్కులు బాగా వచ్చాయి, వాల్తేరులో ఎమ్మెస్సీ సీటూ వచ్చింది. మా తాతయ్య చెడ్డవాడు కాదు. ఆడపిల్లను డిగ్రీ దాకా చదివించినవాడు. కానీ హాస్టలు ఖర్చు, మెస్సు బిల్లు, తెలిసినవాళ్లు లేని ఊరు, ఏడాదికి రెండు మూడుసార్లే ఇంటికి రావడం, ఇవన్నీ లెక్కేసుకుని "వద్దమ్మా" అన్నాడు. పిన్ని హైస్కూల్లో సైన్స్ టీచరైంది. ఆ సీటు కాగితం చాలా ఏళ్లు ట్రంకు పెట్టె అడుగున దాచుకుంది. ఇలాంటి పిన్నులు డెల్టాలో ప్రతి ఊళ్లోనూ ఉండే ఉంటారు. వాళ్లను ఎవరూ లెక్కపెట్టలేదు.

1967లో గుంటూరు పక్కన నల్లపాడులో ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ సెంటరు పెట్టింది. ఆ సెంటరే ఎదిగి 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం అయింది. ఆ సెప్టెంబరు 11న రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ గారు దాన్ని ప్రారంభించారు. అదే ఏడు వరంగల్లులో ఉస్మానియా పీజీ సెంటరు కాకతీయ విశ్వవిద్యాలయం అయింది. బెజవాడలో యూనివర్సిటీ పుట్టిన 1926కీ, విజయవాడ గుంటూరు రోడ్డు మీద నంబూరు దగ్గర మన యూనివర్సిటీ నిలబడిన 1976కీ మధ్య సరిగ్గా యాభై ఏళ్లు. అంటే రెండు తరాలు.

నేను 1984లో అక్కడ ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో చేరాను. మాది చేనేత ఇల్లు. నాన్న గుంట మగ్గంలో కూర్చుని నిజాం బార్డరు చీరలు నేసేవాడు, అమ్మ రాట్నం మీద కండెలు చుట్టేది. మా ఇంటి నుంచి యూనివర్సిటీకి పది కిలోమీటర్లు కూడా ఉండదు. వాల్తేరు సంగతైతే ఇంట్లో చర్చకే వచ్చేది కాదు. నంబూరు కాబట్టి నాన్న ఒక్కటే అడిగాడు: "అమ్మాయ్, చీకటి పడేలోగా బస్సు దొరుకుతుందా?" దొరుకుతుందన్నాను. మొదటి రోజు నాకు తోడుగా పిన్ని వచ్చింది. ఫీజు చలానా కట్టించింది, సర్టిఫికెట్లు సరిచూసింది, డిపార్టుమెంటు మెట్ల దాకా వచ్చి లోపలికి పంపింది.

ఆ మొదటి వారం ఎలా గడిచిందో వివరంగా చెప్పాలి. మా తరంలో వేలమంది సైన్స్ విద్యార్థుల మొదటి వారం దాదాపు ఇలాగే ఉండి ఉంటుంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పుస్తకాలతో మేం ఇంటర్, డిగ్రీ తెలుగులోనే చదివాం. ఎమ్మెస్సీ పాఠం మాత్రం ఇంగ్లీషులో. మొదటి గంట ఉష్ణగతిక శాస్త్రం. బోర్డు మీద సమీకరణాలు అర్థమవుతున్నాయి, చెప్పే మాటలు చెవి పక్క నుంచి పోతున్నాయి. నోట్సులో సగం ఖాళీ. పక్కన కూర్చున్న రేపల్లె అమ్మాయి నోట్సూ అంతే. విజయవాడ, గుంటూరు కాలేజీల్లో ఇంగ్లీషు మీడియం చదివినవాళ్ల పెన్నులు ఆగకుండా కదులుతున్నాయి.

రెండో రోజు ల్యాబు. కాషన్ డిపాజిట్ కట్టి లాకరు తీసుకున్నాం. బ్యూరెట్, పిపెట్, కోనికల్ ఫ్లాస్కులు లెక్క చూసుకుని సంతకం పెట్టాం. అద్దాల పెట్టెలో కెమికల్ బ్యాలెన్సు ఉంది. డిగ్రీలో అలాంటి త్రాసు దగ్గర నలుగురం నిలబడేవాళ్లం, ఇక్కడ నా వంతు వచ్చేసరికి నేనొక్కదాన్నే. తూకపు రాళ్లను చేత్తో ముట్టకూడదు, పటకారుతోనే తియ్యాలి. నాలుగో దశాంశం దాకా బరువు రాసుకున్నప్పుడు నా చదువు ఒక మెట్టు ఎక్కిందని తెలిసింది.

ఆ వారంలోనే ఒక మాస్టారు ఆక్సీకరణ, క్షయకరణాలకు మీరు కళ్లారా చూసిన ఉదాహరణ చెప్పమన్నారు. నాకు తెలుసు. మా వీధి చివర రంగులద్దే షెడ్డు ఉండేది. వ్యాట్ రంగుని కాస్టిక్ సోడా, హైడ్రోసల్ఫైటు వేసిన వేడినీళ్లలో కలిపితే అసలు రంగు పోయి, నీళ్లలో కరిగిపోతుంది. ఆ తొట్టిలో ముంచిన నూలు చిలపను పైకెత్తి గాలికి పట్టగానే అసలు రంగు దానంతటదే తిరిగొస్తుంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. లేచి నిలబడ్డాను, ఇంగ్లీషు రాలేదు. ఆయన నా మొహం చూసి, "తెలుగులో చెప్పమ్మా, కెమిస్ట్రీకేం కోపం రాదు" అన్నారు. చెప్పాను. ఆయన నా మాటల్నే సమీకరణంగా బోర్డు మీద రాసి, క్లాసంతటికీ ఇంగ్లీషులో వివరించారు. ఆ సాయంత్రం ఒక సీనియర్ అక్క తన పాత నోట్సు తెచ్చిచ్చింది. ఆమెదీ తెలుగు మీడియమే. మార్జిన్లలో తెలుగులో అర్థాలు రాసుకుని ఉంది. ఆ నోట్సే మొదటి సెలవుల దాకా నన్ను నడిపించింది.

యూనివర్సిటీ దగ్గరికి రావడంతో ఒక దూరం తగ్గింది. అది రోడ్డు మీది దూరం, ప్రభుత్వం తగ్గించగలిగింది. రెండోది క్లాసు గుమ్మం నుంచి బెంచీ దాకా ఉండే దూరం. కొత్త భాష, కొత్త పరికరాలు, తెలియని మనుషులు. దాన్ని తగ్గించగలిగేది మనుషులే. తెలుగులో చెప్పమన్న మాస్టారు, నోట్సు ఇచ్చిన అక్క అదే చేశారు. రాష్ట్రంలో ర్యాగింగుకు బెదిరి మొదటి వారంలోనే పెట్టె సర్దుకుని వెళ్లిపోయిన పిల్లలూ ఉన్నారు. ఆ బెడద పెరిగిపోయే 1997లో ర్యాగింగ్ నిషేధ చట్టం తేవాల్సి వచ్చింది. చట్టం బెదిరింపును ఆపగలదు. పక్కన కూర్చుని పాఠం చెప్పలేదు.

తర్వాతి మార్పులు త్వరగా వచ్చాయి. 2004లో యూనివర్సిటీ పేరులో ఆచార్య అన్న మాట చేరింది. 2008లో మచిలీపట్నంలో కృష్ణా విశ్వవిద్యాలయం వచ్చాక ఆ జిల్లా పిల్లలకు చదువు ఇంకా దగ్గరైంది. 2021 నుంచి పీజీ సీట్లకు రాష్ట్రమంతటికీ ఒకే ప్రవేశ పరీక్ష, పీజీసెట్. ఇప్పుడు మన ఊరి పిల్లకు సీటు శ్రీకాకుళంలో రావచ్చు, అక్కడి పిల్ల నంబూరుకు రావచ్చు. మళ్లీ దూరప్రయాణాలు మొదలయ్యాయి. ఇప్పుడు పిల్లలు ధైర్యంగా వెళ్తున్నారు, వెళ్లాలి కూడా. కానీ మొదటి వారం కష్టం ఏమీ మారలేదు.

అందుకే లెక్చరర్లకు, సీనియర్లకు, తల్లిదండ్రులకు నా విన్నపం. కొత్తగా చేరిన పిల్లల్లో నోరు తెరవనివాళ్లు ఎవరో మొదటి వారంలోనే గుర్తుపట్టండి. వాళ్లకు వచ్చిన భాషలో ఒక ప్రశ్న అడగండి. మీ పాత నోట్సు ఇవ్వండి. వీలైతే మొదటి రోజు డిపార్టుమెంటు మెట్ల దాకా తోడు వెళ్లండి. ఈ డెల్టా ఒక యూనివర్సిటీని పోగొట్టుకుని, మళ్లీ తెచ్చుకోవడానికి నలభై ఆరేళ్లు ఆగింది. అంత కష్టపడి తెచ్చుకున్న సీట్లో కూర్చున్న పిల్ల, ఒక్క మనిషి ఆసరా లేక ఇంటికి తిరిగి రాకూడదు.