క్రీడాచార్యుడు సయ్యద్ అబ్దుల్ రహీము



విద్య నెఱుగుట యొకటి, విద్యను నేర్పుట యొకటి. తమలో నెవరధికులను విషయమై కాళిదాస మహాకవి మాళవికాగ్నిమిత్రమున నిద్దఱు నాట్యాచార్యులకు వివాదమునే కల్పించెను. ఆ వివాదము నాట్యశాలకే గాక యాటమైదానమునకును జెల్లునది. మంచి యాటగాండ్రందఱును మంచి శిక్షకులు గారు. మంచి శిక్షకుల పేళ్లు తఱచుగా నాటగాండ్ర పేళ్ల చాటున మఱుగుపడును. అట్లు మఱుగుపడి, యఱువది సంవత్సరములకు దరువాత మరల వెలుగునకు వచ్చిన యొక హైదరాబాదు బడిపంతులు చరిత్రమును విన్నవింతును.

సయ్యద్ అబ్దుల్ రహీము 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదున జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున జదివి, విద్యార్థిదశయందు ఫుట్బాలాటలో బేరు గాంచి, పిమ్మట నుపాధ్యాయవృత్తి నవలంబించెను. పట్టభద్రుడైన పిదప వ్యాయామవిద్యయందును యోగ్యతాపత్రమును బడసి, నగరమందలి పాఠశాలలలో బాలురకు విద్య గఱపెను. 1943లో హైదరాబాదు ఫుట్బాలు సంఘమునకు గార్యదర్శియై, మరణపర్యంత మా భారమును వహించెను. 1950 మొదలుగా నగర పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను. ఆ జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా నైదుమాఱులు బొంబాయి రోవర్సు కప్పును గెలిచెను. డ్యూరాండు కప్పును సైతము 1950 మొదలు 1961 లోపల నాలుగు పర్యాయములు సాధించెను. కలకత్తాయే ఫుట్బాలునకు రాజధానియని లోకమనుకొను దినములలో దక్కనుదేశపు జట్టొకటి యిట్టి ఘనతను సంపాదించుట సామాన్యవిషయము గాదు.

ఇందలి రహస్యమేమి? రహీము ప్రథమముగా నుపాధ్యాయుడు; తరువాతనే శిక్షకుడు. చేతివ్రాత కుదురుటకు బలపముతో నక్షరములను దిద్దించునట్లు, ఆటకును నభ్యాసక్రమమును గల్పించెను. మనలో జాలమందికి గుడికాలే వశమైనది. ఎడమకాలు మోయుటకు మాత్రమే పనికివచ్చును. అట్టివారికై బలహీనమైన కాలితోనే బంతిని దన్నవలెనను నియమముతో బోటీలు నడపెను. బంతిని దన కాళ్లయొద్దనే త్రిప్పుకొనుచు మెప్పు వడయవలెనను చాపల్యమును మాన్పుటకై, బంతి నందుకొన్నవెంటనే తోడివాని కందింపవలెనను నియమముతో మఱికొన్ని పోటీలు నడపెను. ఇందువలన నొక్కని నేర్పు పదునొకండుగురి నేర్పుగా మాఱెను. ఖర్చులేని యీ యుపాయములు ఏ పల్లెబడి మైదానమునందైన నాచరింపదగినవి.

రహీము శిక్షణమున భారత జట్టు 1951లో ఢిల్లీయందు జరిగిన ప్రథమ ఆసియా క్రీడలలో ఇరాను జట్టును 1–0 తేడాతో నోడించి స్వర్ణపతకము నందెను. కాని మఱుసటి సంవత్సరమే హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేతిలో 10–1 గోళ్ల ఘోరపరాజయము సంభవించెను. మనవారిలో బెక్కుమంది చలిలో బూట్లు లేక వట్టికాళ్లతో నాడిరి. వట్టికాలియాట మనకు గర్వకారణమని తలచువా రప్పటికి జాలమంది యుండిరి. ఆ యోటమి వారి కన్నులు దెఱపించెను. అనంతరము బూట్లు ధరించుట నిర్బంధమయ్యెను. నాలుగేండ్లు గడచినంతనే, 1956లో మెల్బోర్నున మన జట్టు ఆతిథేయులైన ఆస్ట్రేలియావారిని 4–2 గోళ్లతో జయించి, ఒలింపిక్ ఫుట్బాలున సెమీఫైనలునకు జేరిన తొలి ఆసియా జట్టై, నాల్గవ స్థానమున నిలిచెను. ఆ యాటలో నెవిల్ డిసౌజా మూడు గోళ్లు చేసెను. ఓటమిని పాఠముగా మార్చుకొనుట యన నిదియే.

ఇక 1962 నాటి జకార్తా వృత్తాంతము. ఇస్రాయేలు, తైవాను దేశములకు బ్రవేశము నిరాకరించుటను భారతీయుడైన గురుదత్త సోంధీ ఖండించెను. అందుచే నచటి జనులు మన జట్టుపై నాగ్రహించిరి. తొలియాటలోనే దక్షిణ కొరియా చేతిలో మనకు 0–2 తేడాతో నోటమి కలిగెను. థాయిలాండుతో జరిగిన యాటలో రక్షకుడైన జర్నైల్‌సింగు తలకు గాయమయ్యెను. రహీము ధైర్యము విడువలేదు. గాయపడినవానిని వెనుకవరుసనుండి దప్పించి సెమీఫైనలునందును ఫైనలునందును ముందువరుసకు బంపెను. సెప్టెంబరు 4వ తేదీన, ప్రతికూలమైన జనసమ్మర్దపు గోలలో, అదే కొరియాపై మనవారు 2–1 తేడాతో గెలిచిరి. మొదటి గోలు పి. కె. బెనర్జీది, రెండవది ఆ కట్టుతలవానిదే! నాయకుడు చునీ గోస్వామి బంగాళీ, జర్నైల్‌సింగు పంజాబీ, బలరాము సికింద్రాబాదువాడు, గోలురక్షకుడు తంగరాజు తమిళుడు. కులమతదేశభేదములకు దావులేని పంక్తి యది.

అప్పటికే రహీమును క్యాన్సరువ్యాధి పీడించుచుండెను. 1963వ సంవత్సరము జూన్ 11వ తేదీన నాతడు పరమపదించెను. ఆసియా క్రీడలలో మన ఫుట్బాలునకు మరల స్వర్ణము లభింపలేదు. 1970లో బ్యాంకాకున లభించిన కాంస్యమే కడపటి పతకము. ఆ జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీను హైదరాబాదువాడే, తరువాత శిక్షకుడై ద్రోణాచార్య పురస్కారమును బొందినవాడే. రహీము కుమారుడు సయ్యద్ షాహిద్ హకీము 1960 రోము ఒలింపిక్ జట్టున సభ్యుడు, పిమ్మట శిక్షకుడు, అంతర్జాతీయ నిర్ణేత, 2021లో గతించెను. ఇట్లు శిష్యులును బుత్రుడును గొంత దీపము నిలిపిరి గాని, గురుని పద్ధతి సంస్థారూపము దాల్పలేదు.

పతకము గెలిచినవాని చిత్రము పత్రికలలో నచ్చగును; ఆకాశవాణి యాతని పేరు జాటును. నేర్పినవాని పేరో వాడుకలేక మాయును. రహీము కథ సామాన్యజనులకు దెలియుటకు 2024లో అజయ్ దేవగణ్ నటించిన మైదాన్ అను చలనచిత్రము రావలసివచ్చెను. కీర్తిని మోయు సాధనములు విద్యను మోయజాలవు. పోటీలనియమములు, అభ్యాసక్రమములు, ఓటములనుండి నేర్చిన పాఠములు వ్రాతపూర్వకముగా మిగిలినగదా తరువాతివా రందుకొందురు!

కావున నీ మహాసభ కేతెంచిన పెద్దలకును, బోషకులైన దాతలకును నా మనవి యొకటియే. గెలిచిన బాలునికి శాలువ కప్పుట మంచిదే. ఆ బాలుని దీర్చిన పంతులునకు నొక మైదానమును, నాలుగు బంతులను, బాలురకు జోళ్లను సమకూర్చుట మఱింత మంచిది. ఆతని పద్ధతిని వ్రాయించి భద్రపఱచుట యన్నిటికంటె మంచిది. అట్లు చేయుదుమేని మన యూళ్ల మైదానములనుండియు నొకనాడు మఱియొక రహీము రాగలడు.