గేర్‌బాక్సు విప్పే ముందు
ఈఎంఈ కోర్ ప్లాటినం జూబిలీ ప్రత్యేక వ్యాసం

2018 అక్టోబర్ 15తో భారత సైన్యంలోని ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్) కోర్‌కు 75 ఏళ్ళు నిండాయి. తుపాకీ మొదలు ట్యాంకు దాకా సైన్యం వాడే యంత్రాలను బాగుచేసి మళ్ళీ పనిలో పెట్టే విభాగమిది. కోర్ చరిత్ర అంటే యుద్ధాల గురించి, పతకాల గురించి రాయడం రివాజు. కోర్‌లో వెహికల్ మెకానిక్‌గా పనిచేసి నర్సీపట్నం తిరిగొచ్చినవాడిగా నేను గేర్‌బాక్సు గురించి రాస్తున్నాను. కోర్ మాకు అలవాటు చేసిన పద్ధతి అక్కడ కనబడినంత స్పష్టంగా మరెక్కడా కనబడదు. మా ఊరికి అంతగా అక్కరకొచ్చిన విద్య కూడా మరొకటి లేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలోకి మోటారు బళ్ళు వెల్లువలా వచ్చిపడ్డాయి. అప్పటిదాకా వాటి రిపేర్లు ఆర్డినెన్స్ కోర్ చూసుకునేది. సామాను నిల్వచేసి పంచే పనినీ, చెడిన యంత్రాన్ని బాగుచేసే పనినీ విడదీయక తప్పదని తేలింది. బ్రిటిష్ సైన్యం 1942లో ఇందుకోసం ఆర్‌ఈఎంఈని ఏర్పాటు చేసింది. 1943 మే 1న మన దగ్గర ఐఈఎంఈ, అంటే నేటి ఈఎంఈ, పుట్టింది. అదే ఏడు అక్టోబర్ 15న ఆర్డినెన్స్ వర్క్‌షాపులు దాని కిందికి వచ్చాయి. అందుకే ఆ తేదీన కోర్ దినం జరుపుకుంటాం. ‘కర్మ్ హీ ధర్మ్’ మా నినాదం. తర్వాత సికింద్రాబాద్ తిరుమలగిరిలో ఈఎంఈ స్కూల్ మొదలైంది. నేటి మిలిటరీ కాలేజ్, ఎంసీఈఎంఈ అదే. ఆ రకంగా సైన్యపు మరమ్మతు విద్యకు పెద్దబడి తెలుగు నేల మీదే ఉంది.

ఆ బడిలో చదువుకున్నవాళ్ళ చేతుల మీదుగా నడిచిన బళ్ళు తక్కువేం కావు. విల్లీస్ జీపు, దాని వారసురాలు మహీంద్రా జీపు, జబల్పూర్‌లో తయారైన జోంగా, శక్తిమాన్ ట్రక్కు, నిస్సాన్ వన్ టన్, ఆ తర్వాత జిప్సీ. కొండలైనా, ఇసుకైనా, బురదైనా ఇవి వెళ్ళాలి. అలాంటి బండికి గేరు పడకపోతే ఇంజను ఎంత బాగున్నా లాభం లేదు. డ్రైవర్ వచ్చి “గేరు పడట్లేదు” అంటాడు. ఆ ఒక్క మాట వెనక పది రోగాలుంటాయి. గేర్‌బాక్సును చివర విప్పాలన్నది అక్కడి మొదటి పాఠం.

మొదట ఇంజను ఆపి గేర్లు వేసి చూడాలి. బండి ఆగి ఉన్నప్పుడు అన్ని గేర్లూ సాఫీగా పడి, స్టార్ట్ చేశాక మొరాయిస్తే తప్పు దాదాపుగా క్లచ్‌ది. పెడల్ పూర్తిగా తొక్కి, కొన్ని క్షణాలు ఆగి రివర్స్ వెయ్యాలి. రివర్స్‌కు సింక్రో (గేర్ల వేగాలను కలిపే అమరిక) ఉండదు కనుక క్లచ్ పూర్తిగా విడవకపోతే కర్‌ర్‌మని అరుస్తుంది. అప్పుడు పెడల్ ఫ్రీ ప్లే, అంటే క్లచ్ మీద పని మొదలయ్యే ముందు పెడల్ ఉత్తినే కదిలే దూరం, కొలవాలి. పాత జీపులో అది సుమారు ముప్పావు అంగుళం. అంతకన్నా ఎక్కువైతే క్లచ్ పూర్తిగా విడవదు, బొత్తిగా లేకపోతే ప్లేటు జారి కాలిపోతుంది. స్పేనరుతో ఐదు నిమిషాల్లో సరిచేసే దోషానికి గేర్‌బాక్సు దించితే రోజంతా వృథా.

ఇంజను ఆపినా గేరు పడకపోతే లివర్ వైపు చూడాలి. అరిగిన బుష్‌లు, వంగిన ఫోర్కు, తుప్పుపట్టిన రాడ్డు, రెండు గేర్లు ఒకేసారి పడకుండా ఆపే ఇంటర్‌లాక్... వరసగా ఒక్కొక్కటీ చూసుకుంటూ పోవాలి.

గేరు పడుతుంది గానీ నిలవకపోతే అది వేరే కథ. యుద్ధకాలపు విల్లీస్ జీపుది మూడు గేర్ల టీ-84 బాక్సు. సెకండుకూ, టాపుకూ సింక్రో ఉంది, ఫస్టుకు లేదు. సెకండ్ గేరులో దిగుడు దిగుతూ కాలు తీయగానే లివర్ న్యూట్రల్‌లోకి దూకడం ఈ జాతి బళ్ళకు పాత జబ్బు. రాడ్డును గాడిలో పట్టి ఉంచే బాల్, స్ప్రింగ్ బలహీనపడి ఉండొచ్చు. సింక్రో స్లీవ్ పళ్ళు అరిగి ఉండొచ్చు. బెల్ హౌసింగ్ బోల్టులు వదులై బాక్సు వరస తప్పి ఉండొచ్చు. అందుకే ముందు బోల్టులు బిగించి చూస్తాం.

ఇక ఫోర్ వీల్ బళ్ళకే ప్రత్యేకమైన బాధ ఒకటి. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య డిఫరెన్షియల్ లేని బండిని తారురోడ్డు మీద ఫోర్ వీల్‌లో నడిపితే, మలుపుల్లో ముందు చక్రాలు తిరిగే దూరం ఒకటి, వెనకవి మరొకటి. బురదలో చక్రం జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు మీద జారదు. ఒత్తిడంతా షాఫ్టుల్లో మెలిపడి ఫోర్ వీల్ లివర్ బిగుసుకుపోతుంది. సుత్తితో కొడితే ఫోర్కు వంగుతుందే తప్ప లివర్ కదలదు. బండిని తిన్నగా కొన్ని గజాలు వెనక్కి నడిపితే మెలిక విడుతుంది, లివర్ దానంతటదే వస్తుంది. ఆ తర్వాత నాలుగు టైర్ల సైజు, గాలి సమానంగా ఉన్నాయో లేదో చూడాలి. ఒక టైరు కొత్తదై మిగతావి అరిగినవైతే అదే గొడవ మళ్ళీ వస్తుంది.

ఇవన్నీ చూశాక కూడా అనుమానం తీరకపోతే ఆయిల్ దించాలి. తెల్లటి గుడ్డలో వడగట్టి, మిగిలిన నలుసుల మీద అయస్కాంతం తిప్పాలి. అంటుకునేవి ఉక్కు, అంటే గేర్ల పళ్ళు గానీ బేరింగులు గానీ పోతున్నాయి. అంటుకోకుండా పసుపుగా మెరిసేవి ఇత్తడి, అంటే సింక్రో రింగులు అరుగుతున్నాయి. ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే గెడ్డ దాటినప్పుడు లోపలికి నీళ్ళు వెళ్ళాయి. గాలి పోయే బ్రీదర్ మూసుకుపోయిందేమో కూడా చూడాలి. జీపులో ముందు, వెనక ఇరుసులకు బలాన్ని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిల్‌ను విడిగా కొలవాలి. మధ్య సీలు పోతే ఒకదాంట్లోది రెండోదాంట్లోకి చేరి ఒకటి ఎండుతుంది, ఒకటి పొంగుతుంది.

ఈ విద్య నర్సీపట్నానికి ఎంత అవసరమో ఏజెన్సీ దారి చెబుతుంది. సుమారు 1000 మీటర్ల ఎత్తున్న లంబసింగికి ఎక్కే ఆ రోడ్డును గూడెం డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్ చాలీచాలని కూలికి గిరిజనుల చేత వేయించాడు. 1922లో అల్లూరి సీతారామరాజు నడిపిన తిరుగుబాటుకు అదొక కారణం. తర్వాత అదే దారిలో చింతపల్లి, గూడెం కొత్తవీధి వైపు జనాన్నీ సంత సరుకునూ మోసినవి జీపులు. సైన్యం కోసం పుట్టిన బండే ఇక్కడ గర్భిణులను ఆస్పత్రికి దించింది, మాస్టార్లను బడికి చేర్చింది. ఘాట్ దిగుతుండగా సెకండ్ గేరు జారిపోతే బ్రేకుల మీదే ప్రాణాలు వేలాడతాయి. అక్కడ మెకానిక్ అంచనా తప్పకూడదు.

కోర్ నుంచి వచ్చినవాళ్ళూ, మా షెడ్లలో చిన్నప్పటినుంచీ రెంచి పట్టిన మేస్త్రీలూ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు. చెవి ఆనించి ఏ బేరింగు ఏడుస్తోందో చెప్పగల మేస్త్రీలు మాకున్నారు. వాళ్ళ అనుభవానికి కోర్ జత చేసింది వరసక్రమాన్నీ, రాతనూ. ఏ గేరులో, ఎక్కుడులోనా దిగుడులోనా, ఇంజను చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా అని ముందు డ్రైవర్‌ను అడిగి రాసుకోవడం, ఒక్కో పరీక్షకూ ఫలితం రాయడం, మార్చిన సామాను పేరు రాయడం.

మనం చెయ్యగల మంచి పని ఒకటుంది. పనిలో చేరే ప్రతి కుర్రాడికీ మొదటి రోజే ఒక నోటుపుస్తకం ఇద్దాం. బాక్సుకు స్పేనరు తగిలించే ముందు క్లచ్, లివర్, బోల్టులు, టైర్లు, ఆయిల్ చూసి రాయించుదాం. ఇంజన్లు మారతాయి, లివర్ లేని బళ్ళు వస్తాయి. అడిగి, చూసి, కొలిచి, అప్పుడే విప్పే మెకానిక్‌కు మాత్రం ఏ కాలంలోనూ పని తరగదు. అతను బాగుచేసిన బండెక్కి ఘాట్ దిగేవాళ్ళు క్షేమంగా ఇల్లు చేరతారు.