పుట్టుకే దస్తావేజైన పిల్లలు



తెనాలిలో పాసింజరు ఎక్కి చెన్నపట్నం దిక్కుగా సాగితే నిడుబ్రోలు, అప్పికట్ల, బాపట్ల దాటిన తరువాత స్టువర్టుపురం వస్తుంది. బండి అక్కడ ఆగబోతున్నదనగా మా తరంవారు సంచులు దగ్గరకు లాక్కొనేవారు. ఆ నిమిషంసేపు పెట్టెలో మాటలు సన్నగిల్లేవి. ఆ ఊరి చరిత్ర దొంగల చరిత్ర అనే నేనూ చాలాకాలం అనుకొన్నాను. అది ముఖ్యంగా పిల్లల చరిత్ర అని గ్రహించేసరికి నాకు ఉద్యోగ విరమణ వయస్సు వచ్చింది.

పిల్లల అక్రమ రవాణా అనగానే మన మనస్సులో ఒక దృశ్యం మెదులుతుంది. మాయమాటల దళారి, చీకటి ప్లాట్‌ఫారం, చేతులు మారే నోట్లు. అది అబద్ధం కాదు. అయితే దళారి లేకుండా, సంతకం లేకుండా, అమ్మినవాడెవడో కొన్నవాడెవడో చెప్పలేని రీతిలో కూడా పసివారి బ్రతుకులు చేతులు మారుతాయి. అక్కడ పుట్టుకే విక్రయ దస్తావేజు. అట్టి కథ మన సీమలోనే జరిగినది.

ఎరుకలవారి పేరులోనే ఎరుక ఉన్నది. పద్మావతీ పరిణయ గాథలో శ్రీనివాసుడంతటివాడు ఎరుకలసాని వేషం ధరించి ఆకాశరాజు నగరికి వెళ్లినాడని చెప్పుకొంటాం. ఆ వేషానికి అంతఃపుర ద్వారాలు తెరుచుకొన్నాయంటే, ఆ జాతిపట్ల జనానికి ఒకనాడు ఎంత గురి ఉండేదో ఊహించవచ్చు. సోదె చెప్పడం, బుట్టలల్లడం మాత్రమే కాదు, వర్తకం కూడా వారి వృత్తి. కోస్తా ఉప్పును గాడిదల మీద, పెరికె ఎడ్ల మీద లోతట్టు ఊళ్లకు చేర్చి, బదులుగా ధాన్యం తెచ్చేవారు. దొరతనంవారి ఉప్పు విధానం ఆ వర్తకాన్ని కుంగదీసింది. అడవి చట్టాలు పశువుల మేతకు, వెదురుకు అడ్డుపడ్డాయి. రైళ్లు వచ్చి మిగిలినదానిని ముగించాయి. 1916 నాటికి తెనాలి నుంచి రేపల్లెకు కూడా ఇనుపదారి పడింది. ఇక పెరికె ఎద్దుతో ఎవరికి పని?

పని పోయి, తిరుగుడు మాత్రం మిగిలిన జనం సర్కారు కళ్లకు అనుమానాస్పదులైనారు. 1871లో ఉత్తర హిందూస్థానంలో పుట్టిన నేరస్థ జాతుల చట్టం, 1911లో తిరుగరాసినప్పుడు మద్రాసు రాజధానికీ వర్తించింది. ఒక మనిషి నేరం చేసినాడా లేదా అన్నది కాదు, ఏ కులంలో పుట్టినాడన్నదే ఆ చట్టానికి ప్రమాణం. దానిలోని పదిహేడవ సెక్షను మరింత క్రూరం. నేరస్థ జాతిగా ప్రకటించిన వారి పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పారిశ్రామిక, వ్యావసాయిక, సంస్కరణ పాఠశాలలలో ఉంచే అధికారాన్ని అది ప్రభుత్వానికిచ్చింది. ఆరేళ్లకు పైబడి పద్దెనిమిదేళ్లకు లోబడినవారందరూ ఆ లెక్కలో పిల్లలే. బిడ్డ చేసిన తప్పు ఏమిటని అడగనక్కరలేదు.

1913-14 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీవారి నిర్వహణలో బాపట్ల సమీపాన ఒక సెటిల్మెంటు వెలిసింది. మద్రాసు ప్రభుత్వ కార్యనిర్వాహక సభ్యుడైన హెరాల్డ్ స్టువర్టు పేరు దానికి పెట్టినారు. అనుమతి లేనిదే ఊరు దాటరాదు. హాజరు పలకాలి. సేద్యానికిచ్చిన భూమి అందరి కడుపులూ నింపలేదు. తరువాత చీరాలలో ఐ.ఎల్.టి.డి. పొగాకు కార్ఖానా నెలకొన్నాక సెటిల్మెంటువారు ఆ పనికి పోయేవారు. వదలి వెళ్లే స్వేచ్ఛ లేని కూలీ దొరకడం ఏ కార్ఖానాకైనా వరమే గదా! మిషనరీలలో సదుద్దేశం లేదని నేననను. బడి పెట్టినారు, వైద్యం చేసినారు. కాని సంస్కరణ అనే సంస్కృత శబ్దం కప్పుకొని అక్కడ నడచినది నిర్బంధ శ్రమ.

ఇక్కడొక విచిత్రం గమనించండి. అప్పు తీసుకొని బిడ్డ కష్టాన్ని తాకట్టు పెట్టే ఆచారం అమృత్‌సర్ తివాచీల మగ్గాల నుంచి మద్రాసు బీడీ కొట్లదాకా ఉన్నదని విట్లీ కమిషను 1931లో నివేదించింది. దానిపై 1933లో బాలల శ్రమ తాకట్టు నిషేధ చట్టం వచ్చింది. తాకట్టు పెట్టిన తండ్రికి యాభై రూపాయల వరకు, పెట్టించుకొన్నవానికి రెండు వందల వరకు జుల్మానా. బీదతండ్రి చేస్తే నేరమైన పని, నేరస్థ జాతి అన్న ముద్ర కొట్టి ప్రభుత్వమే చేస్తే పాలన అయినది! ఒకే రాజధానిలో, ఒకే కాలంలో రెండు చట్టాలూ ప్రక్కప్రక్కనే అమలులో ఉన్నాయి.

వెన్నెలకంటి రాఘవయ్య వంటివారు ఏళ్ల తరబడి పోరాడగా 1947లో మద్రాసులోనూ, 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది. ముద్ర మాత్రం రద్దు కాలేదు. 1970ల నడుమ హేమలతా లవణం స్టువర్టుపురంలో అడుగుపెట్టి ఆ కుటుంబాల నడుమ పనిచేసినారు. ఆమె మహాకవి జాషువ కుమార్తె. ముద్ర మోయడమంటే ఏమిటో ఆమెకు పుస్తకాలు చెప్పనక్కరలేదు. ఆ తరువాత ఆమె నిజామాబాదు జిల్లాలో జోగిని ఆచారంపై పోరాటానికి దిగినారు. ఊహ తెలియని ఆడపిల్లను దేవత పేర విడిచి ఊరి మగవారి పాలు చేసే దురాచారమది. 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనం దానిని నిషేధించింది. స్టువర్టుపురానికీ జోగినులకూ ఏమి పొత్తు అని మొదట నేనూ అనుకొన్నాను. పొత్తు ఉన్నది. రెండు చోట్లా బిడ్డను ఎవరూ అమ్మినట్లు కనబడదు. ఒకచోట చట్టమూ, ఇంకొకచోట ఆచారమూ పుట్టకముందే బేరం కుదిర్చి పెట్టినాయి. దళారి కోసం వెదికే చట్టానికి అక్కడ పట్టుకొనేందుకు దళారి దొరకడు.

ఇక దాచరాని మాట ఒకటి. నేను పనిచేసిన ఒకానొక బడిలో ఒకనాడు ఒక బాలిక కలం కనబడలేదు. ఎవరూ ఎవరినీ నిందించలేదు. నలభై జతల కళ్లు మాత్రం చివరి వరుసలోని ఎరుకల పిల్లవానివైపు తిరిగినాయి. వానిలో నా కళ్లు కూడా ఉన్నాయి. కలం మరునాడు ఆ బాలిక ఇంట్లోనే దొరికింది. పిల్లవాడు మాత్రం మళ్లీ బడికి రాలేదు. కొన్ని వారాలు చూచి హాజరుపట్టీలో వాని పేరును ఎర్రసిరాతో కొట్టివేసినది నేనే. వాడు ఎక్కడ ఏ పనికి కుదిరినాడో విచారించలేదు. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్న సూత్రంతో పనిచేసి 2003లో మెగసెసె పురస్కారం పొందిన శాంతా సిన్హాగారి గురించి చదివినప్పుడెల్ల నాకు ఆ ఎర్రగీత కనబడుతుంది.

నేడు చట్టాలకు కొదవ లేదు. రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల వ్యాపారాన్నీ వెట్టినీ నిషేధించింది. 2000 నాటి ఐక్యరాజ్య సమితి ఒప్పందపత్రాన్ని మన దేశం 2011లో ధ్రువీకరించింది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షనులో బాధితుని సమ్మతి లెక్కకు రాదు. తప్పిపోయిన బిడ్డ కంటబడితే 1098కి ఫోను చేయవచ్చు. ఇవన్నీ కావలసినవే. కాని ఇవి దళారి చేతిలో పడిన తరువాతి మందులు. దళారికి పని సులువు చేసేది అంతకు ముందటి చూపు. ఈ బిడ్డ పోతే అడిగేవారు లేరని అతనికి మనమే తెలియజేస్తాం, నోటితో కాదు, కళ్లతో.

మొన్న బాపట్ల నుంచి వస్తుండగా బండి స్టువర్టుపురంలో ఆగింది. పుస్తకాల సంచి తగిలించుకొన్న ఒక పిల్లవాడు ఎక్కి నా ప్రక్కన కూర్చున్నాడు. నా సంచి కాళ్లకు అడ్డంగా ఉన్నది. వానికి చోటివ్వడానికే దానిని దగ్గరకు జరుపబోయి, చేయి ఆపుకొన్నాను. నా తరం ఆ పనిని ఎందుకు చేసేదో గుర్తుకు వచ్చింది. "ఆ సంచిని అటు పెట్టు నాయనా" అని వాని చేతికే ఇచ్చినాను.