కొన్నవాళ్లను సంతకం అడిగిన పోస్టర్

ఇప్పుడు లీగల్ డిజైన్ అని గొప్పగా చెప్పుకుంటున్న పని, అంటే ఒప్పందాన్ని మామూలు మనిషి చదివి అర్థం చేసుకునేలా తీర్చిదిద్దడం, బొమ్మల వ్యాపారంలో 1971లోనే జరిగింది. అప్పట్లో న్యూయార్క్‌లో ఒక రసీదు, ఒక చెక్కుతో బేరం ముగిసిపోయేది. ఆ బొమ్మ తర్వాత ఎవరింటికి చేరిందో, ఎంతకు చేతులు మారిందో గీసినవాడికి తెలిసే దారి ఉండేది కాదు.

గ్యాలరీ మూసేసి, కేటలాగునే ప్రదర్శనగా మార్చిన సేత్ సీగెలాబ్‌కు ఇది నచ్చలేదు. కళాకారులు, డీలర్లు, కొనేవాళ్లు చాలామందిని అడిగి తెలుసుకుని, రాబర్ట్ ప్రొజాన్‌స్కీ అనే లాయరు చేత ఒక ఒప్పందం రాయించాడు. క్రిస్టోస్ జియానాకోస్ దాన్ని మడతపెట్టే పోస్టరుగా రూపొందించాడు. షరతులకు ముందు, ఎలా వాడాలో వాడుక మాటల్లో రాసిన పెద్ద ముందుమాట ఉంటుంది: ఖాళీలు ఎలా నింపాలి, కొనేవాడు మొహం చిట్లిస్తే ఏం చెప్పాలి. జిరాక్స్ తీసి వాడుకోమన్నారు. కత్తిరించి బొమ్మకు అంటించడానికి ఒక చీటీ కూడా అందులోనే ఉంది. రేపు కొనబోయేవాడికి ‘ఈ బొమ్మకు షరతులున్నాయి’ అని చెప్పేది ఆ చీటీయే.

షరతుల్లో అసలైనది ఒక్కటే. బొమ్మ మళ్లీ అమ్ముడైనప్పుడల్లా పెరిగిన ధరలో 15 శాతం కళాకారుడికి రావాలి. అయిదేళ్లకోసారి 60 రోజుల పాటు ప్రదర్శనకు అడిగి తీసుకునే హక్కు, మరమ్మతుకు ముందు సంప్రదించడం, అద్దెకిస్తే అందులో సగం, ఇవన్నీ దాని వెనకాల వస్తాయి. కొన్నవాడికి దక్కేదేమిటంటే, ఆ బొమ్మ ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెప్పే నమ్మకమైన చరిత్ర.

1973 అక్టోబరు 18న న్యూయార్క్‌లో రాబర్ట్ స్కల్ అనే సేకర్త తన దగ్గరున్న బొమ్మలను వేలం వేశాడు. 1958లో 900 డాలర్లకు కొన్న కళాకారుడు రౌషెన్‌బర్గ్ చిత్రం ‘థా’ 85,000 డాలర్లు పలికింది. కోపం పట్టలేక రౌషెన్‌బర్గ్ అక్కడే స్కల్‌ను ఒక తోపు తోశాడు. 1958లో కొన్నప్పుడే ఈ ఒప్పందం ఉండి ఉంటే ఆయనకు 12,615 డాలర్లు అందేవి. మూడేళ్లలో కాలిఫోర్నియా పునర్విక్రయాల మీద కళాకారుడికి 5 శాతం ఇచ్చే చట్టం చేసింది. అది కోర్టుల్లో నిలవలేదు. దాదాపు ఏమీ మిగలకుండా పోయింది.

ఇంత విడమరిచి రాసిన సీగెలాబ్ కాగితాన్ని కళాకారుల్లో పట్టుబట్టి వాడినవాళ్లు కొద్దిమందే. అందులో హాన్స్ హాకె పేరు ముందు చెప్పాలి. భాష అర్థం కాక కొనేవాళ్లు వెనక్కి తగ్గారనుకుంటే పొరపాటు. బాగా అర్థమయ్యే తగ్గారు. రేపటి లాభంలో ఎంత వదులుకోవాలో మొదటిసారి అంకెల్లో కనబడింది మరి. షరతులు పెడితే బేరం పోతుందన్న భయం కళాకారులదీ, డీలర్లదీ.

మన దేశంలో కాపీరైటు చట్టానికి 1994లో చేర్చిన 53ఎ సెక్షన్ ఇలాంటి వాటాకే చోటిచ్చింది: పది వేల రూపాయలు దాటిన పునర్విక్రయంలో గరిష్ఠంగా 10 శాతం. లెక్క మాత్రం వేరు. సీగెలాబ్ అడిగింది పెరిగిన ధరలో వాటా. ఇక్కడ పరిమితి అమ్మకపు ధర మీదే.