సంప్రదింపు నుంచి సమ్మతి దాకా

కొంచెం పెద్ద పోస్టు ఇది. తీరిక దొరికినప్పుడు చదవండి.

పోటీ పరీక్షల గైడ్లలో పెసా చట్టం ఒక బిట్టు. ఏ సంవత్సరం? 1996. ఏ కమిటీ సిఫారసు? భూరియా కమిటీ. అంతే, తర్వాతి బిట్టుకి వెళ్లిపోతాం. మా హాస్టల్లో గ్రూప్స్‌కి చదివేవాళ్లందరికీ ఈ రెండు జవాబులూ నోటికొచ్చు. కానీ ఆ చట్టంలో మన భూముల దగ్గరికొచ్చేసరికి ఒక మాట ఉంది: గ్రామసభను 'సంప్రదించాలి' అని. సంప్రదించాక ఊరు వద్దంటే ఏం చేయాలో అక్కడ లేదు. ముప్పై ఏళ్లుగా మన ఊళ్ల గొడవలు చాలావరకు ఆ ఖాళీలోంచి పుట్టినవే. దాని గురించే రాస్తున్నాం.

ముందు 1946కి వెళ్దాం. డిసెంబర్ 13న రాజ్యాంగ సభలో నెహ్రూ లక్ష్యాల తీర్మానం పెట్టారు. 19న దాని మీద మాట్లాడటానికి జైపాల్ సింగ్ ముండా లేచారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టు కెప్టెన్ ఆయనే. ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన మనిషి. అయినా ఆ సభలో తనను తాను జంగ్లీనని చెప్పుకున్నారు, అదీ గర్వంగా. తీర్మానాన్ని ఆయన సమర్థించారు. సమర్థిస్తూనే, ఆదివాసులకు ప్రజాస్వామ్యం మీరు నేర్పనక్కర్లేదు, వాళ్ల దగ్గర మీరే నేర్చుకోవాలి అనే అర్థం వచ్చేలా చెప్పారు. మాకు ఆ ప్రసంగంలో నచ్చింది ఇదే. దేశంలో కలవమని ఆయన అనలేదు. కలుస్తాం, కానీ ఉత్త చేతులతో రావట్లేదు, మా ఊరి కూర్చోళ్లు, మా పద్ధతి వెంట తెచ్చుకుంటున్నాం అన్నట్టు మాకు వినిపించింది. సభలో మగవాళ్లే ఎక్కువున్నారు, ఆడవాళ్లు ఇంకా రావాలని కూడా ఆ రోజే అన్నారాయన. ఈ ముక్క మన సంఘాల మీటింగుల్లో ఎవరూ గుర్తు చేయరు ఎందుకో.

రాజ్యాంగం వచ్చింది. ఈశాన్యంలోని కొండ ప్రాంతాలకు ఆరో షెడ్యూల్ ఇచ్చారు. అక్కడ ఎన్నికైన స్వయంప్రతిపత్తి మండళ్లు భూమి మీద, అడవి మీద, ఆచారాల మీద చట్టాలు చేసుకోవచ్చు. మన వైపు వాళ్లకు ఐదో షెడ్యూల్ ఇచ్చారు. ఇందులో అధికారం గవర్నర్‌ది. మన కోసం ఒక గిరిజన సలహా మండలి, 20 మందికి మించకుండా. పేరులోనే ఉంది కదా, సలహా. జైపాల్ సింగ్ నేర్చుకోమన్న ఆ గూడెం సభకి ఐదో షెడ్యూల్లో చోటే లేదు. గూడేనికి రక్షణ దొరికింది, నోరు మాత్రం దొరకలేదు. ఆ రక్షణ చిన్నదేం కాదు, 1/70 చట్టం దానిలోంచి వచ్చిందే. 1997లో బొర్రా గుహల దగ్గరి ఊళ్ల గనుల కేసులో సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చి, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు భూమి లీజుకివ్వకూడదని చెప్పగలిగిందీ దాని బలంతోనే.

1956లో ఇంకోటి జరిగింది. భాషను బట్టి రాష్ట్రాలు గీశారు. తెలుగు మాట్లాడేవాళ్లంతా ఒక చోటికి వచ్చారు, మరాఠీవాళ్ల ప్రాంతాలు ఇంకో రాష్ట్రంలోకి వెళ్లాయి. గోండి మాట్లాడేవాళ్లు మాత్రం ముక్కలుముక్కలుగానే మిగిలారు. ఉట్నూరు తాత, గడ్చిరోలి తాత, బస్తర్ తాత ఒకే భాష కుటుంబం వాళ్లే, పెన్‌లు ఒకటే, గోత్రాలు ఒకటే. ఒక్కొక్క ఆఫీసుకి ఒక్కొక్క భాషలో అర్జీ రాయించుకోవాలి. 2011 జనాభా లెక్కల్లో గోండి మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 29 లక్షలకు పైనే. ఎనిమిదో షెడ్యూల్లో సంతాలీ, బోడో 2003 సవరణతో చేరాయి. గోండి ఇప్పటికీ లేదు. అదే లెక్కల్లో సంస్కృతం మాతృభాష అన్నవాళ్లు సుమారు 25 వేలు, అది మొదటి నుంచీ ఉంది. సంస్కృతం మీద మాకు కోపం లేదు. భిన్నత్వంలో ఏకత్వం అని ఆరో తరగతి నుంచీ వ్యాసం రాసి మార్కులు తెచ్చుకున్నాం కాబట్టి ఈ లెక్క ఒకసారి చూడమంటున్నాం.

73వ రాజ్యాంగ సవరణతో 1993లో దేశమంతా పంచాయతీరాజ్ మారినప్పుడు, షెడ్యూల్డ్ ప్రాంతాలకు అది నేరుగా వర్తించదని రాశారు. పార్లమెంటు వేరే చట్టం చేయాలి. దిలీప్ సింగ్ భూరియా కమిటీ 1995లో నివేదిక ఇచ్చింది. 1996 డిసెంబర్ 24న పెసా వచ్చింది. ఇందులో ఊరు అంటే రెవెన్యూ గ్రామం కాదు, తన ఆచారం ప్రకారం తన పనులు తాను చూసుకునే గూడెం. చిన్న అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం, సారా మీద, సంత మీద, వడ్డీ వ్యాపారం మీద అదుపు, తగువులు మన పద్ధతిలో తీర్చుకోవడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. 'మావ నాటే మావ రాజ్', అంటే మా ఊళ్లో మా రాజ్యం అని మనోళ్లు అంటుంటారే, దానికి ఢిల్లీ ముద్ర పడినట్టే. కానీ భూసేకరణ దగ్గర మాత్రం సమ్మతి అని రాయలేదు, సంప్రదింపు అని రాశారు. ఆ చట్టం నడవడానికి కావాల్సిన నియమాలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది 2011లో. పదిహేనేళ్లు పట్టింది. పుట్టిన పిల్లాడు పదో తరగతికి వచ్చేంత కాలం.

ఇక్కడ మన గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. పెద్దల పంచాయితీల్లో ఆడవాళ్లు ఎంతమంది నోరు విప్పేవాళ్లు? పెసా గ్రామసభలో ఓటరు జాబితాలో ఉన్న ప్రతి మనిషీ సభ్యుడే, సభ్యురాలే. పాతదంతా మంచిదని మేం అనం. ఈ విషయంలో చట్టమే మన ఆచారం కంటే ముందుంది.

ఊరు వద్దంటే నిజంగా ఆగుతుందా? ఒకసారి ఆగింది, మన పక్కనే, ఒడిశాలో. రాయగడ, కలహండి జిల్లాల మధ్య నియమగిరి కొండలు. పైన డోంగ్రియా కోందులు, కొండ కడుపులో బాక్సైట్. వేదాంత కంపెనీ రిఫైనరీ కింద లాంజిగఢ్‌లో ఉంది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, అటవీ హక్కుల చట్టాన్ని ఆధారం చేసుకుని, నియమరాజా కొలువున్న ఆ కొండ మీద ఊళ్లకున్న హక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలంది. కొండ చుట్టూ వందకు పైగా ఊళ్లుంటే ప్రభుత్వం 12 ఊళ్లను ఎంపిక చేసింది. మొదటి సభ జులై 18న సెర్కపాడిలో, చివరిది ఆగస్టు 19న జరపాలో. జిల్లా జడ్జి స్థాయి అధికారి ముందు, పోలీసుల మధ్య, వానల్లో జరిగాయి ఆ సభలు. 12 ఊళ్లకు 12 ఊళ్లూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. దేశం ముక్కలేం కాలేదు. గడ్చిరోలిలో మెండా లేఖా అనే గోండు ఊరికి 2011లో వెదురు రవాణా పర్మిట్ల పుస్తకం గ్రామసభ చేతికే ఇచ్చారు, అప్పుడూ ఏమీ కాలేదు.

నియమగిరి సభలు జరిగిన 2013లోనే కొత్త భూసేకరణ చట్టం వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకోవాలంటే గ్రామసభ ముందస్తు సమ్మతి కావాలని 41వ సెక్షన్‌లో రాశారు. సంప్రదింపు అనే మాట సమ్మతి అనే మాటగా మారడానికి 17 ఏళ్లు పట్టిందన్నమాట.

ఆ మరుసటి ఏడాదే ఏం జరిగిందో భద్రాచలం వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం రాస్తున్నాం. 2014 రాష్ట్ర విభజన చట్టం 90వ సెక్షన్ పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది. అదే సెక్షన్‌లో ఇంకో వాక్యం ఉంది: ఈ ప్రాజెక్టుకు తెలంగాణ రాష్ట్రం సమ్మతి ఇచ్చినట్లే భావించాలని. అప్పటికి ఆ రాష్ట్రం ఇంకా పుట్టనే లేదు! పుట్టని రాష్ట్రం తరఫున ముందే సమ్మతి రాసేసుకున్నారు. మే నెలాఖరులో ఆర్డినెన్స్ వచ్చింది. కూనవరం, చింతూరు, వేలేరుపాడు లాంటి మండలాలు ఖమ్మం జిల్లాలోంచి ఆంధ్రప్రదేశ్‌కి వెళ్లిపోయాయి. దానికి ఏ గూడెం తీర్మానమూ అవసరం పడలేదు. అన్న ఒక రాష్ట్రంలో, చెల్లెలు ఇంకో రాష్ట్రంలో ఉన్న కోయ కుటుంబాలు మాకు తెలుసు. రాయితీల కోసం, సర్టిఫికెట్ల కోసం ఎవరి దారి వాళ్లదైపోయింది. పంటకు నీళ్లు రావాలనే డెల్టా రైతును మేం శత్రువుగా చూడట్లేదు. మునిగేవాడిని అడిగే పద్ధతి చట్టంలో ఉంది కదా, ఆ పద్ధతి ఎక్కడ ఆగిపోయిందని అడుగుతున్నాం.

సమ్మతి అనే మాట పుస్తకంలోకి వచ్చినా మిగిలిన చిక్కు రిజిస్టర్ దగ్గరుంది. అవ్వ కోయలో మాట్లాడుతుంది, తీర్మానం తెలుగులో రాస్తారు, కింద వేలిముద్ర పడుతుంది. ఆ రెండింటికీ మధ్య ఏం మారిందో చదవగలిగిన మొదటి తరం మనమే.

అందుకని మా బ్యాచ్‌లో కొందరం ఒక పని అనుకున్నాం. ఈ సెలవుల్లో ఊరెళ్లినప్పుడు మా మా గ్రామసభ తీర్మానాల పుస్తకం అడిగి చూస్తాం. మీరూ చూడండి. ఆఖరి సభ ఏ తేదీన జరిగింది, ఎంతమంది కూర్చున్నారు, సభ గూడెంలో జరిగిందా లేక పంచాయతీ ఆఫీసులోనా, 'వద్దు' అన్న తీర్మానం ఒక్కటైనా ఉందా, ఈ నాలుగూ రాసుకుని రండి. పుస్తకం చూపించకపోతే ఆ సంగతీ రాసుకోండి.